దొర తాత జాడకి 18,000: చెన్నైలో ఒక వంశవృక్షం సర్వీసుతో మా అనుభవం

ముందే చెబుతున్నా, సర్వీసు పేరు రాయడం లేదు. వాళ్ళకీ మాకూ మధ్య ఒక పోస్టరు లెక్క ఇంకా తేలలేదు, అది తేలకుండా పేరు పెట్టి రచ్చ చేయడం నాకిష్టం లేదు. నుంగంబాకంలో మేడ మీద రెండు గదుల ఆఫీసు, నలుగురు మనుషులు. ఈస్టిండియా కంపెనీ కాలంలో మద్రాసు వచ్చి ఇక్కడే ఉండిపోయిన దొరల పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు వెతికి వంశవృక్షం గీసి ఇస్తారు. ఈ పని చేసేవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు కాబట్టి, మీరు ఎవరి దగ్గరికి వెళ్ళినా దేనికి డబ్బులు కట్టాలో దేనికి కట్టకూడదో తెలుస్తుందని రాస్తున్నా.

నాకు దొర తాతలెవరూ లేరు. మాది వెంకటగిరి, గుంట మగ్గంలో కాళ్ళు పెట్టి బతికిన ఇల్లు. ఈ దొర మా ఆవిడ వైపు. వాళ్ళ అమ్మమ్మ పెరంబూరు రైల్వే క్వార్టర్స్‌లో పుట్టిన ఆంగ్లో ఇండియన్, క్యారేజి వర్క్స్‌లో పనిచేసే తెలుగాయన్ని చేసుకుంది. చివరిదాకా గౌనే కట్టుకుంది, తిట్లు మాత్రం తెలుగులోనే. ఆవిడ చేసే పెప్పర్ వాటర్ మా చారే, పేరొక్కటే ఇంగ్లీషు. ఆవిడ పెద్ద కొడుకు, అంటే మా ఆవిడ మేనమామ, నేనూ మావయ్యనే అంటాను, ప్రతి పండక్కీ చెప్పే మాట ఒకటుంది: "మన మూలపురుషుడు క్లైవుతో కలిసి ఓడ దిగాడయ్యా." ఎవరు చెప్పారు మావయ్యా అంటే "మా అమ్మ చెప్పింది" అంటాడు. అమ్మకెవరు చెప్పారంటే కాఫీ తెమ్మంటాడు.

ఆయనకు ఈ ఏడు 80 నిండాయి. మెల్‌బోర్న్‌లో ఉన్న కొడుకు, నాన్నకి కానుకగా ఆ మూలపురుషుడి సంగతి కాగితం మీద తేల్చేద్దామన్నాడు. డబ్బు అతనిది, తిరుగుడు నాది.

రేట్లు ఇలా ఉన్నాయి. మొదటి ప్యాకేజీ 18,000. అందులో రిపోర్టు, ఫ్రేము కట్టిన రంగుల పోస్టరు, ఒక పెన్‌డ్రైవు. ఆరు వారాల్లో ఇస్తామన్నారు, పదకొండు పట్టింది. చర్చి రిజిస్టరు అసలు పేజీ ఫోటో కావాలంటే ఒక్కో పేజీకి 1,200 అదనం. "అవి చాలామంది అడగరు సార్, ఓల్డ్ హ్యాండ్‌రైటింగ్, చదవలేరు కూడా" అన్నాడు కౌంటర్లో ఉన్నాయన. నేనూ తల ఊపాను. నా బుద్ధి గడ్డి తిన్నది అక్కడే.

పోస్టరు బ్రహ్మాండంగా వచ్చింది. పైన ఓడ బొమ్మ, కింద మర్రిచెట్టు, ఊడ ఊడకీ ఒక పేరు. వేళ్ళ దగ్గర మూలపురుషుడు: 1744లో కంపెనీ నౌకరీకి వచ్చాడట, 1747లో మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలో పెళ్ళి చేసుకున్నాడట. క్లైవు మద్రాసులో దిగింది కూడా 1744లోనే, ఆయన పెళ్ళయింది కూడా ఆ చర్చిలోనే, 1753లో. మావయ్య ఆనందం చూడాలి. హాల్లో, టీవీ పైన, వేలాడదీయించాడు. పాలబ్బాయికి కూడా చూపించాడు.

నాకు మాత్రం ఆ 1747 దగ్గర ఎక్కడో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. ఒకప్పుడు గ్రూప్ 2 రాద్దామని కర్ణాటక యుద్ధాల తారీఖులన్నీ బట్టీ పట్టినవాణ్ణి, ఉద్యోగం రాలేదు గానీ ఆ పాపం బుర్రలోంచి పోలేదు. 1746 సెప్టెంబరులో ఫ్రెంచి నౌకాదళం నడిపిన లా బూర్దొనే కోట పట్టుకున్నాడు. 1748లో ఎక్స్ లా చాపెల్ సంధి, దాని ప్రకారం ఊరు మళ్ళీ ఇంగ్లీషు వాళ్ళ చేతికి వచ్చింది 1749లో. అంటే 1747లో కోట మీద ఎగిరింది ఫ్రెంచి జెండా. కంపెనీ దుకాణం కడలూరు పక్కన సెయింట్ డేవిడ్ కోటకి మారిపోయింది. సాక్షాత్తూ ఆ క్లైవే మారువేషం వేసుకుని కడలూరు వైపు పారిపోయాడు. అలాంటప్పుడు మా తాతగారొక్కడే నిక్షేపంగా చర్చిలో కూర్చుని తాంబూలాలు పుచ్చుకున్నాడా?

ఫోన్ చేస్తే మొదట "డేటాబేస్‌లో అలానే ఉంది సార్" అన్నారు. రెండోసారి కూడా అదే. మూడోసారి నేరుగా ఆఫీసుకే వెళ్ళి కూర్చుంటే, లోపలి గదిలోంచి ఒక అమ్మాయి వచ్చింది. వెతికే పని నిజంగా చేసేది ఆ అమ్మాయేనని అప్పుడు తెలిసింది, బయట ఉన్నవాళ్ళంతా అమ్మేవాళ్ళు. గూడూరు పిల్ల, నా మాట వినగానే "మీది నెల్లూరు సైడా అన్నా" అంది. ఈ రివ్యూలో నేను ఇచ్చే మార్కులన్నీ ఆ అమ్మాయికే.

ఆమె కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించింది. చర్చి రిజిస్టర్ల సూచికలో 'మద్రాసు' అని ఉంటుంది అన్నా, అది ఊరు కాదు, ప్రెసిడెన్సీ. గంజాం నుంచి తిరునల్వేలి దాకా, మన బందరు, విశాఖపట్నం, అటు బళ్ళారి, ఎక్కడ జరిగినా సూచికలో మద్రాసే. ఏ ఊరో తెలియాలంటే పేజీ తెరవాల్సిందే. ఆ పెళ్ళి జరిగింది సెయింట్ డేవిడ్ కోటలో. రిపోర్టు రాసినాయన మద్రాసు అన్న మాట చూసి సెయింట్ మేరీస్ అని తగిలించేశాడు.

అది చిన్న తప్పు. పెద్ద తప్పు ఇంకొకటి. ఆ 1747 పెళ్ళికొడుక్కీ మావాళ్ళకీ చుట్టరికమేంటి అని అడిగాను. ఇంటిపేరు ఒకటే, అంతే. మధ్యలో దాదాపు ఎనభై ఏళ్ళు ఖాళీ. పోస్టరులో ఆ ఖాళీ మీద ఆకులు గీశారు. ఆకులంటే ఆకులే, పచ్చవి, పేర్లు లేనివి. మన వైపు ఒకే ఇంటిపేరు వాళ్ళు ఊరికి పది కుటుంబాలుంటారు, అందరినీ ఒకే చెట్టుకి కడతామా?

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఆ 1747 వాళ్ళ బిడ్డ ఒకరికి 1750 జూన్‌లో బాప్తిస్మం, 1750 ఫిబ్రవరిలో ఖననం అని రిపోర్టులో ఉంది. పుట్టకముందే పాతిపెట్టారా అని నేను గొంతు పెంచాను. ఆ అమ్మాయి నవ్వలేదు, పాపం. 1752 దాకా ఇంగ్లీషు వాళ్ళకి కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేదట. కాబట్టి వాళ్ళ 1750 ఫిబ్రవరి మన లెక్కలో 1751 ఫిబ్రవరి, జూన్ తర్వాత వచ్చేదే. ఎనిమిది నెలల పసికందు. నోరు మూసుకుని కూర్చున్నా.

తర్వాత చేయాల్సినట్టు చేశాం. పై నుంచి కిందికి కాదు, కింది నుంచి పైకి. మొదట అమ్మమ్మ బాప్తిస్మం కాగితం, అందులో ఆమె తల్లిదండ్రుల పేర్లు. ఆ పేర్లు పట్టుకుని వాళ్ళ పెళ్ళి నమోదు, అందులో వధూవరుల తండ్రుల పేర్లు. ఆ తండ్రి పుట్టుక, మళ్ళీ అతని తల్లిదండ్రుల పెళ్ళి. మెట్టు మెట్టుకీ ఒక పేజీ ఫోటో. ఒక పేజీ దొరక్కపోతే అక్కడ ఆగాల్సిందే, ఇంటిపేరు కలిసిందని దూకకూడదు. ఇందుకు ఇంకో ఏడు పేజీలు, 8,400. మెల్‌బోర్న్ బావమరిది కిక్కురుమనకుండా కట్టాడు.

ఈ పేజీలు ఉండేది లండన్‌లో, బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో. ఇక్కడి పాదిరులు తమ రిజిస్టర్లకి నకళ్ళు తీసి కంపెనీకి పంపేవాళ్ళు, మద్రాసువి 1698 నుంచి ఉన్నాయి. ఇక్కడ చెద తిన్నా, తేమకి చెడినా అక్కడ ఒక నకలు మిగిలింది. కాకపోతే నకలు నకలే కదా, మా వాళ్ళ ఇంటిపేరు నాలుగు తరాల్లో మూడు రకాలుగా రాశారు, ఒకచోట చివరి అక్షరమే ఎగిరిపోయింది. సిపాయిల సంగతైతే వేరే కట్టల్లో ఉంటుంది: మద్రాసు సైన్యం హాజరు పట్టీలు, ఓడ ఎక్కినవాళ్ళ జాబితాలు. కంపెనీ ఉత్తరప్రత్యుత్తరాలు, పరిపాలన కాగితాలు కావాలంటే లండన్ అక్కర్లేదు, ఎగ్మూరు స్టేషన్ ఎదుట ఎర్ర భవనం, 1909లో మద్రాసు రికార్డు ఆఫీసుగా పెట్టిన ఇప్పటి తమిళనాడు ఆర్కైవ్స్.

రెండో రిపోర్టు వచ్చేలోపు ఒక ఆదివారం మావయ్యని కోటకి తీసుకెళ్ళాను. క్లైవు ముచ్చట ఎలాగూ పోయేలా ఉంది, కనీసం చర్చి అయినా చూపిద్దామని. కోట లోపలే సెక్రటేరియట్ కాబట్టి గుర్తింపు కార్డు మర్చిపోకండి. చర్చి 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠ చేసింది, వారం తిరగ్గానే నవంబరులో జరిగిన మొదటి పెళ్ళి ఎలిహు యేల్‌ది, అమెరికాలో యూనివర్సిటీకి పేరు పెట్టారే, ఆయనే. లోపలికంటే నాకు బయటే నచ్చింది. చర్చి చుట్టూ నేలంతా సమాధి రాళ్ళు పరిచి ఉన్నాయి, గచ్చు బండల్లాగా. ఎండకి కాలుతున్నాయి. మావయ్య చెప్పులు విప్పేసి, వంగి, చేతిరుమాలుతో ఒక రాతి మీది మట్టి తుడుస్తూ అక్షరాలు కూడబలుక్కున్నాడు, లాటిన్, యు ఉండాల్సిన చోటల్లా వి. అక్షరాల గుంటల్లో చీమలు బారు కట్టాయి. 1652లో పోయిన ఎలిజబెత్ బేకర్ రాయి కూడా ఇక్కడే ఉంది, చర్చి కంటే దాదాపు ముప్పై ఏళ్ళు పెద్దది.

చర్చి కంటే రాయి ముందెలా వచ్చిందంటే, ఈ రాళ్ళు ఇక్కడివి కావు. పాత శ్మశానం హైకోర్టు పక్కన, ఒకప్పటి లా కాలేజీ భవనం వైపు ఉండేది. 1758-59లో ఫ్రెంచి సేనాని లాలీ కోటని ముట్టడించినప్పుడు ఫ్రెంచి సైనికులు ఆ సమాధుల చాటున నక్కి ఫిరంగులు పేల్చారు. మళ్ళీ అలాంటి చాటు శత్రువుకి దొరక్కూడదని ఆ తర్వాత రాళ్ళు పెకలించి కోటలోకి తెచ్చేశారు. రాయి ఇక్కడ, మనిషి హైకోర్టు పక్కన. సమాధి రాయి ఫోటో చూపించి మీ తాత ఇక్కడే పడుకున్నాడని ఎవరైనా అంటే ఇది గుర్తుంచుకోండి. పోస్టరులో మాకు అదీ అచ్చేశారు, ఎవరిదో రాయి.

రెండో రిపోర్టు తొమ్మిది పేజీలు, రంగుల్లేవు, చెట్టు లేదు. క్లైవు లేడు. తేలిన మనిషి 1827లో ఓడ ఎక్కాడు. మద్రాసు యూరోపియన్ రెజిమెంట్‌లో మామూలు సిపాయి. ఓడ జాబితా పేజీ ఫోటో నేను ఫోన్లో ఎన్నిసార్లు పెద్దది చేసి చూశానో లెక్కలేదు. గోధుమ రంగు కాగితం, అడ్డ గీతలు వంకర, సిరా ఒకచోట ఉబ్బి వెనక పేజీ అక్షరాలు కనిపిస్తున్నాయి. పేరు, వయసు 20, ఎత్తు, పుట్టిన ఊరు బ్లాక్‌బర్న్, లంకషైర్. పక్కన వృత్తి అన్న గడిలో ఒకే మాట: వీవర్.

నేతగాడు.

మా ఆవిడ నా మొహం చూసి నవ్వింది. పదేళ్ళుగా వాళ్ళింట్లో నేను "మగ్గం వాళ్ళ అబ్బాయి"ని. 1826లో ఆ బ్లాక్‌బర్న్ చుట్టుపక్కలే చేనేత వాళ్ళు గుంపులుగా పోయి మరమగ్గాలు పగలగొట్టారు, కూలి పడిపోయి తిండికి లేక. ఇతను ఎందుకు బయలుదేరాడో కాగితం చెప్పదు, నేనూ కల్పించను. కానీ మా నాయన చెప్పే మాటలు గుర్తొచ్చాయి, మిల్లు గుడ్డ వచ్చాక వెంకటగిరిలో ఎన్ని మగ్గాలు అటకెక్కాయో. ఇంగ్లీషు వాళ్ళు ఈ ఊరు కట్టింది కూడా గుడ్డ కోసమే. 1626లో మా వైపు దుర్గరాజపట్నంలో పెట్టిన కోఠీ వాళ్ళకి కలిసిరాలేదు, అక్కడి ఫ్రాన్సిస్ డే దక్షిణానికి వచ్చి, గుడ్డ ఇక్కడ 20 శాతం చవకని చెప్పి, 1639లో ఇక్కడి నాయకులు దామెర్ల వారి దగ్గర ఈ ఇసక దిబ్బ రాయించుకున్నాడు. శాంతోంలో ఆయనకో ప్రియురాలు ఉండేదని, అందుకే ఈ చోటు ఎంచుకున్నాడని కూడా పాత కబురొకటుంది, గుడ్డ కథ కంటే అదే జనానికి బాగా గుర్తు.

సరే, అసలు విషయం. ఆ నేతగాడి మొదటి బిడ్డ బాప్తిస్మం 1834లో. సూచికలో మద్రాసు అనే ఉంది. పేజీ ఫోటో తెరిస్తే మసులిపటం. మన బందరు. 1,200 పెట్టి ఆ పేజీ తీయించకపోతే ఈ కుటుంబం ఇంకో నూరేళ్ళు మద్రాసు కోటలో పుట్టామనే చెప్పుకునేది. తండ్రి పేరు ఇంటిపేరుతో సహా ఉంది, ఉద్యోగం ఉంది, రెజిమెంట్ ఉంది. తల్లి గడిలో ఉన్నది 'మేరీ' మాత్రమే. ఇంటిపేరు లేదు. ఇలా ఒట్టి పేరుంటే చాలాసార్లు మన దేశపు ఆడమనిషి, బాప్తిస్మంలో పెట్టిన పేరు అది, అంతకుముందు పేరు ఎవరూ రాయలేదు అంది గూడూరు అమ్మాయి. చాలాసార్లు అంది, ఎప్పుడూ అనలేదు, ఆ తేడా చూపించినందుకే నాకు నమ్మకం కుదిరింది. కంపెనీ పెద్దలు 1687లోనే లండన్ నుంచి రాశారు, మన సిపాయిలు ఇక్కడి ఆడవాళ్ళని చేసుకుంటే మంచిదే, పుట్టిన బిడ్డకి బాప్తిస్మం అయిన రోజున తల్లికి ఒక వరహా ఇవ్వండి అని. వరహా ఇవ్వమన్నారు గానీ ఆమె పేరు రాసుకోమని ఎవరూ అనలేదు. మా ఆవిడ ఆ పేజీని చాలాసేపు చూసి, "బందరు మనిషైతే తెలుగే కదా, అమ్మమ్మ తిట్లు అక్కడి నుంచే వచ్చుంటాయి" అంది. దానికి రుజువు లేదు. కాదనడానికి నాకు నోరు రాలేదు.

మనిషి పల్లావరంలో పోయాడు, పెన్షన్ తీసుకుంటూ. ఆ పేజీ కూడా ఉంది.

ఇక మీకు పనికొచ్చేవి నాలుగు ముక్కలు. డబ్బులు కట్టే ముందు ఉచితంగా దొరికేవి చూసుకోండి: ఫిబిస్ అని, ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ, వాళ్ళ సూచిక ఇంటర్నెట్‌లో ఊరికే వెతకొచ్చు, ఫ్యామిలీసెర్చ్‌లో కూడా ఖాతా తెరిస్తే చాలు. మా మొదటి రిపోర్టులో సగం వీటిలో నేను ఒక రాత్రి కూర్చుని తీయగలిగేదే. పేజీ బొమ్మలకి ఫైండ్‌మైపాస్ట్ అనే సైటుకి చందా కట్టుకోవచ్చు, చేతిరాత చదివే ఓపిక ఉంటే. ఆ ఓపిక లేకపోతేనే సర్వీసు. వెళ్ళినా, ప్రతి తరానికీ పేజీ ఫోటో రేటులోనే కలిపి ఇవ్వమని ముందే కాగితం మీద రాయించుకోండి, పోస్టరు వద్దనండి. డీఎన్ఏ కిట్ కూడా అంటగట్టబోయారు, ఎన్ని శాతం దొరో తెలుస్తుందట, తెలుసుకుని ఏం చేస్తాం, శాతాన్ని బట్టి గౌను కుట్టిస్తామా? ఇంకొకటి, ఇవన్నీ చూపిస్తే బ్రిటన్ యాన్సెస్ట్రీ వీసా వస్తుందని కౌంటర్లో ఆశ పెడతారు. రాదు. దానికి మీ తాతో, అవ్వో, ఎవరో ఒకరు బ్రిటన్‌లోనే పుట్టి ఉండాలి, రెండొందల ఏళ్ళ కిందటి మనిషి లెక్కలోకి రాడు.

మార్కులంటారా, లోపలి గదికి 5కి 5, బయటి కౌంటర్‌కి 1.

మావయ్యకి చెప్పడమే పెద్ద టెన్షన్ అయింది. పుట్టినరోజు అయిపోయే దాకా ఆగి, మర్నాడు పొద్దున కాఫీ తాగాక నేతగాడి పేజీ చేతిలో పెట్టాను. కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు, వేలు ఆ గడి మీదే ఉంచి, "వీవర్ అంటే?" అన్నాడు, తెలియక కాదు. "మా పనే మావయ్యా" అన్నాను. కాసేపు ఊరుకుని, "ఏం నేసేవాడో రాయలేదా?" అని అడిగాడు. రాయలేదు.

టీవీ పైన మర్రిచెట్టు ఇంకా అలాగే ఉంది. తప్పు పోస్టరు కాబట్టి కొత్తది ఉచితంగా వేసిస్తామని ఆ సర్వీసు వాళ్ళు ఒప్పుకుని నెలన్నర అయింది, ఫ్రేము డబ్బులు మాత్రం మళ్ళీ అడుగుతున్నారు, 2,200. ఇవ్వనన్నాను. ఏదైనా తేలితే ఇక్కడే కింద రాస్తాను.